దావీదు సారు నోట్లో ‘నేను’

మైకు ముందు నిలబడే మనుషులంటే నాకు మొదటి నుంచీ చిరాకే. ఒకడు దాన్ని వేలితో టకటకా కొడతాడు, ఒకడు ఉఫ్ ఉఫ్ అని ఊదుతాడు, ఇంకొకడు మూరెడు దూరంలో నిలబడి “సౌండ్ వస్తలేదు రాజేందర్” అని నన్నే తిడతాడు. మెదక్‌లో నాది మైకు సెట్టు దుకాణం. బతుకమ్మకైనా, బారాతుకైనా, ఎలక్షన్లకైనా, చర్చిలో మీటింగులకైనా పిలుపు నాకే వస్తుంది. ఇన్నేళ్లలో మైకుకు మర్యాద ఇచ్చిన మనిషిని ఒక్కణ్ణే చూశాను. ఆయన దావీదు సారు.

సారు తర్జుమా చేస్తాడు. పరాయి దేశం నుంచి ఎవరైనా వచ్చి చర్చిలో మాట్లాడితే, పక్కన నిలబడి వాక్యం వాక్యం తెలుగులో చెప్పేది ఆయనే. వచ్చినాయన ఒక వాక్యం అంటాడు, ఆగుతాడు. సారు దాన్ని అందుకుంటాడు. వచ్చినాయన చెయ్యెత్తితే సారూ చెయ్యెత్తుతాడు. ఆయన గొంతు తగ్గిస్తే ఈయనా తగ్గిస్తాడు. నేను మాటిమాటికీ వాల్యూమ్ తిప్పే పని ఉండదు. నేను హిందువునే అయినా, ఆ మీటింగుల్లో కూర్చుని కూర్చుని సగం బైబిల్ నోటికొచ్చేసింది. మా ఆవిడ నవ్వుతుంటుంది.

ఆ పనికి ఒక నియమం ఉంది. మాట్లాడేవాడు ‘నేను’ అంటే తర్జుమా చేసేవాడు కూడా ‘నేను’ అనే అనాలి. ‘ఆయన అంటున్నాడు’ అనకూడదు. అంటే వినేవాళ్లకు రుచి పోతుంది. అందుకే దావీదు సారు ఆ స్టేజి మీద ఎన్ని బతుకులు బతికాడో లెక్కలేదు. “నేను తాగుబోతునై యుంటిని” అన్నాడు, జన్మలో కల్లు ముట్టని మనిషి. “నేను విమానములో ప్రయాణించుచుండగా” అన్నాడు, తిరుపతి రైలు కూడా ఎక్కని మనిషి. స్టేజి మీద ఆయన తెలుగు అట్లాగే ఉంటుంది, అంతా బైబిల్ గ్రంథంలోని తెలుగు. దిగాక మాత్రం మనలాగే “రాజేందర్, జర చాయ్ చెప్పు” అంటాడు.

సారు పుట్టింది చర్చి దగ్గర్లోనే. తండ్రి చర్చిలో గంట కొట్టేవాడు. వచ్చే పోయే దొరల మాటలు వింటూ పిల్లవాడికి ఇంగ్లీషు అబ్బింది. డిగ్రీ చదివి, నిజాంపేట హైస్కూల్లో ఇంగ్లీషు టీచరై, అక్కడే రిటైరయ్యాడు. పొద్దున బస్సుకు పోయి సాయంత్రం బస్సుకు వచ్చేవాడు. ఆయన క్లాసులో చదివిన మల్లేశ్ ఇప్పుడు నా దుకాణం పక్కన సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. సారు ఒక ఇంగ్లీషు మాట బోర్డు మీద రాసి, దానికి చుట్టపక్కాల్లాంటి మాటలన్నీ పిల్లల చేత చెప్పించి, ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో గంటసేపు వాదించేవాడట. పిల్లలకు పీరియడ్ అయిపోయిందన్న సంగతే తెలిసేది కాదట. మల్లేశ్‌కు ఇంగ్లీషు రాలేదు గానీ, ఆ గంటలు మాత్రం బాగా గుర్తున్నాయి.

సారు భార్య ఎలిశిబా. మిషన్ దవాఖానాలో నర్సుగా చేసింది. నేను అక్కా అని పిలుస్తాను. గట్టి మనిషి, గట్టి గొంతు. చర్చిలో ఆమె పాడితే నేను మైకు పెట్టే అవసరం లేదు. వాళ్లకు పిల్లలు లేరు. ఇంట్లో ఆమె మాట్లాడుతుంది, ఈయన వింటాడు. అట్లా హాయిగానే సాగింది, ఐలవ్వ పోయేదాకా.

ఐలవ్వ అంటే ఎలిశిబా అక్క వాళ్లమ్మ. ఆమె పోయినప్పుడు సారు అన్నీ తానై చూసుకున్నాడు. టెంటు, కుర్చీలు, బండి, వచ్చినవాళ్లకు భోజనాలు. ఒక్క లోపం లేదు. కానీ భార్య పక్కన కూర్చుని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకే ఒక విదేశీ అతిథి చర్చిలో, తన చిన్నప్పుడు చనిపోయిన తల్లి గురించి చెప్పాడు. దావీదు సారు “నా తల్లి” అంటూ తర్జుమా చేస్తూ బొటబొటా కన్నీళ్లు కార్చాడు. ఆడవాళ్లందరూ కొంగులు కళ్లకద్దుకున్నారు.  ఒక్క ఎలిశిబా అక్క మాత్రం ముందు బెంచీలోంచి లేచి బయటికి నడిచింది.

వైర్లు చుట్టుకుంటున్న నా ముందే ఆయన్ను నిలదీసింది. “ఎవరి అమ్మనో యాదిజేసుకుని ఏడ్చినవ్. మా అమ్మ పోతే నాతోని ఒక్క మాట అన్నవా? ఊరందరి దుఃఖం నీ నోట్లె ఉంటది. నీది ఒక్కటి ఉండదు.”

“గది తర్జుమా ఎలిశిబా” అన్నాడు సారు.

“అదే అంటున్న నేను” అంది అక్క.

తర్వాత తూప్రాన్‌లో ఆమె అక్క ప్రిస్కిల్లా బాత్రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. భర్త లేని మనిషి. చూసుకోవడానికి ఎలిశిబా అక్క వెళ్లింది. సారే బ్యాగు మోసుకొచ్చి బస్సెక్కించాడు. కిటికీలోంచి అక్క అడిగిందట, “మళ్ల ఎప్పుడొస్తవని అడగవా?” అని. సారు, “నీ ఇష్టం. ఆమెకు మంచిగయినంకనే రా” అన్నాడట.

ప్రిస్కిల్లాకు బాగైంది. కర్ర పట్టుకుని నడిచింది, తర్వాత కర్ర కూడా వదిలేసింది. ఎలిశిబా అక్క మాత్రం రాలేదు. ఫోన్లో ఒకసారి, “నేను రావాల్నా?” అని అడిగింది. సారు మళ్లీ “నీ ఇష్టం” అన్నాడు. ఆయన లెక్కలో అది భార్యకిచ్చే గౌరవం. ఆమెకేమో, నువ్వొచ్చినా రాకున్నా నాకొకటే అన్నట్టు వినబడింది. “ఎందుకు రావాల్నో నీ నోటితోని చెప్పు, ఆ పొద్దే వస్త” అని ఫోన్ పెట్టేసింది. ఏడాది దాటిపోయింది.

ఆ ఏడాదంతా సారు నా దుకాణంలోనే కూర్చున్నాడు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా గుండీ ఊడితే ఊడినట్టే వేసుకొచ్చేవాడు. ఎవరైనా ఆడమనిషి గట్టిగా మాట్లాడుతూ రోడ్డు మీద పోతే తల తిప్పి చూసేవాడు.  ఒకరోజు ఇక ఉండబట్టలేక అడిగేశాను.

“సార్, గింత పరేషానెందుకు? మిస్ యూ అని వాట్సాప్‌ల పెట్టుండ్రి. అయిపాయె.”

“టీచర్స్ డే నాడు నా స్టూడెంట్లు పెడ్తరు గది. మల్లేశ్ గూడ పెట్టిండు, పువ్వు బొమ్మ ఏసి” అన్నాడు సారు. “మిస్ అన్న మాటల అన్ని పడ్తయి రాజేందర్. బస్సు మిస్సయితది, క్లాసు మిస్సయితది, కాల్ మిస్సయితది. ఆమె గూడ గా మాటలనే పడాల్నా?”

“అయితే తెలుగుల చెప్పుండ్రి. యాదికొస్తున్నవ్ అనుండ్రి.”

“యాది అంటే వచ్చిపోయేది. ఎన్నడో సంతల కలిసినోడు గూడ యాదికొస్తడు. నాకు వచ్చిపోతలేదు. వచ్చి కూసున్నది.”

మల్లేశ్ తన దుకాణంలోంచి తల బయటపెట్టి, “రంది పెట్టుకున్న అనుండ్రి సార్” అన్నాడు.

“రంది అంటే దిగులని ఆమె భయపడ్తది, నర్సు గదా. బీపీ చూపించుకున్నవా అంటది. ఈసీజీ తీయించుకో అంటది. మాట గాడికే పోతది.”

“మరి బెంగ?” అన్నాడు మల్లేశ్.

“బెంగ పిలగాండ్లది. హాస్టల్ల ఏసినప్పుడు పెట్టుకుంటరు. నాకు అరవై దాటినయి.”

నాకు పంతం వచ్చింది. “లోటు అనుండ్రి. నువ్వు లేని లోటు…”

సారు నావైపు గుర్రుగా చూశాడు. “పెద్దమనిషి పోయినంక పేపర్ల ఏస్తరు, తీరని లోటని. ఆమె బతికున్నది రాజేందర్!”

ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక మల్లేశ్ మెల్లగా అన్నాడు, “మా అమ్మ అయితే తండ్లాట అంటది సార్. నాయిన దుబాయ్ పోయినప్పుడు గదే అనేది. లోపట తండ్లాడుతుందిరా, కుదురుగ ఉండనిస్తలేదు అని.”

 సారు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత, “గది దగ్గర్ల ఉన్నది. కని గా మాట అంటే, ఇన్ని దినాలు నేను తండ్లాడినట్టు ఆమెకు తెలుస్తది” అన్నాడు.

“తెల్వాల్ననే గదా సార్ చెప్పేది!”

ఆయన లేచి వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది. భాషంతా చేతిలో పెట్టుకుని ఒక్క మాట బయటికి తీయలేని మనిషిని ఏం చేయాలి? కానీ ఆ రోజు ఆయన నడిచివెళ్తుంటే వెనకనుంచి చూశాను. తాళం వేసిన ఇంటికి ఎవరైనా అంత మెల్లగానే నడుస్తారేమో. కోపం నిలవలేదు.

కోత పండుగ వచ్చింది. పంట ఇంటికొచ్చాక చర్చికి కృతజ్ఞతగా వడ్లూ, గుమ్మడికాయలూ, కోళ్లూ తెచ్చి ఇచ్చే పండుగ అది. ఆ ఏడు ఇంగ్లండ్ నుంచి ఒక ముసలాయన వచ్చాడు. వాళ్లమ్మ ఎన్నడో ఇక్కడి దవాఖానాలో పనిచేసిందట. తర్జుమా మామూలుగానే దావీదు సారుది. ఆ పొద్దున నేను సౌండ్ మిక్సర్ ముందు కూర్చున్నాను. ప్రతి మీటింగూ రికార్డు చేయడం నాకు అలవాటు.

ముసలాయన మెదక్ గురించి చెప్పాడు, వాళ్లమ్మ గురించి చెప్పాడు. సారు నీళ్లు పారినట్టు తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. తర్వాత ఆయన, పోయిన చలికాలం తన భార్య చనిపోయిందనీ, ఇద్దరం కలిసి మెదక్ చూడాలనుకున్నామనీ చెప్పాడు. సారు అదీ చెప్పాడు. అప్పుడు ముసలాయన ఒక చిన్న వాక్యం అన్నాడు. “ఐ మిస్ హర్.” నాకు కూడా అర్థమైంది.

ఇట్లాంటి చోట సారు ఏమంటాడో నాకు తెలుసు. ‘ఆమె ఎడబాటు నన్ను బాధించుచున్నది’ అంటాడు. ఎంతమందికో అట్లాగే అన్నాడు. ఇప్పుడూ “ఆమె ఎడబాటు…” అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఎంతకూ చప్పుడు లేదు. కేబుల్ పోయిందనుకుని నేను లేచి స్టేజి దగ్గరికి పరుగెత్తాను. కేబుల్ బాగానే ఉంది. సారు పెదవులే కదలడం లేదు.

అప్పుడు సారు మైకు గట్టిగా పట్టుకుని మాట్లాడాడు. గ్రంథంలో తెలుగు కాదు, నా దుకాణంలో మాట్లాడే తెలుగు.

“ఆమె లేక నాకు ఇల్లు ఇల్లు లెక్క లేదు. గురక పెడ్తదని కొట్లాడేటోన్ని. గిప్పుడు సప్పుడు లేక నిద్ర వస్తలేదు. గోలి ఏసుకున్నవా అని అడిగితే కసిరేటోన్ని. గిప్పుడు టైముకు ఏసుకుంటున్న, అడిగేటోళ్లు లేరు. ఆమె కూసునే బెంచి గదిగో, గా ముందుగాల ఉన్నది. గా దిక్కు చూడబుద్ధయితలేదు. నేను రావాల్నా అని అడిగింది. నీ ఇష్టం అన్న. నా ఇష్టం ఏందో చెప్పలే.”

మొదటి రెండు మాటలకు జనం ఆ ముసలాయన దుఃఖం అనుకుని తలలూపారు. బెంచీ మాట రాగానే తలలన్నీ అటు తిరిగాయి. ఎలిశిబా అక్క కూర్చునే చోటు ఖాళీగా ఉంది.  చచ్చిపోయిన మనిషి ‘రావాల్నా’ అని అడగదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముసలాయన మాత్రం, తను అన్న మూడు మాటలకు ఇంత తెలుగు ఎందుకైందో అర్థంకాక ఓపిగ్గా నిలబడ్డాడు. సారు కళ్లలో చుక్క నీరు లేదు. వేరేవాళ్ల అమ్మ కోసం ఏడ్చిన మనిషి ఇప్పుడు ఏడవడం లేదు. నాకే కనిపించడం మానేసింది, స్టేజి మీది దీపాలన్నీ అలుక్కుపోయాయి.

మీటింగు అయ్యాక సారు ముసలాయన్ను పక్కకు తీసుకెళ్లి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. క్షమించమన్నాడనుకుంటాను. ఆయన సారు భుజం మీద చెయ్యివేసి, చాలాసేపు తీయలేదు.

నేను ఆగలేదు. రికార్డింగులోంచి ఆ ముక్క కోసి ఎలిశిబా అక్క వాట్సాప్‌కు పంపించాను. మంచి పని చేశానని ఛాతీ ఇంతైంది. సాయంత్రం అక్క నుంచి ఫోన్ వచ్చింది. సారు పక్కనే ఉన్నాడని స్పీకర్ పెట్టాను.

“విన్న రాజేందర్. మంచిగ చెప్పిండు. ఎవరి భార్య గురించి?”

“అయ్యో, మీ గురించే అక్కా!”

“ఆ దొర భార్య పోయిందంట గదా. ఆమె గురించి. మీ సారు తర్జుమా చేసిండు, గంతే. పెండ్లయిన సంది వింటున్న నేను. గా మైకు ముంగట ఆయన ‘నేను’ అంటే ఎవరో ఒకరు. ఆయన మాత్రం గాదు.”

ఫోన్ పెట్టేసింది. ఊరందరి ముందు గుండె చీల్చి చూపించినా అది ఆయనది కాదంది భార్య. సారు మొహం చూడలేకపోయాను. అంత పని చేసి తెచ్చిన మాట చెల్లలేదు. నాకు అక్క మీద కోపం వచ్చింది, కానీ ఆమె అన్నదాంట్లో తప్పు కూడా దొరకలేదు.

పొద్దున్నే షట్టర్ లేపేసరికి సారు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. గుండీలన్నీ ఉన్న చొక్కా వేసుకున్నాడు.

“తూప్రాన్ దిక్కు ఏమన్న ప్రోగ్రాం ఉన్నదా?”

“లేదు సార్. ఉన్నదనుకుందాం. కూసోండ్రి.”

వ్యాన్‌లోంచి స్పీకర్లు దించకుండానే బయలుదేరాం. చేగుంట దాటి హైవే ఎక్కేదాకా సారు పెదవులు కదుపుతూనే ఉన్నాడు. మాటలు వెతుక్కుంటున్నాడని తెలిసి నేను రేడియో కూడా పెట్టలేదు. ఒకసారి మాత్రం, “ఆమె నవ్వితే ఏం జెయ్యాలె?” అని అడిగాడు. “నవ్వితే మంచిదే గదా సార్” అన్నాను. ఆయనకు ఆ ఆలోచన రానట్టుంది.

ప్రిస్కిల్లా ఇల్లు బస్టాండుకు ఎదురుగానే. గేటు దగ్గర ఎలిశిబా అక్క కూరగాయల బండివాడితో బేరం చేస్తోంది. మమ్మల్ని చూసి వంకాయలు చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడింది. బండివాడు అటూ ఇటూ చూసి బండి ముందుకు తోసుకున్నాడు.

“ఏం వచ్చినవ్?” అంది.

సారు గొంతు సవరించుకున్నాడు. దారంతా ఏరుకున్న మాటలు ఒక్కటీ రాలేదని నాకు తెలుస్తూనే ఉంది. “నువ్వు లేకుంటే నాకు బతకబుద్ధయితలేదు ఎలిశిబా” అన్నాడు. గొంతు వణికి సగం మాట లోపలే ఉండిపోయింది. మైకు ఉంటే నేను వాల్యూమ్ పెంచేవాణ్ణి.

అక్క నవ్వలేదు. వంకాయలు గేటు మీద పెట్టింది. “ఎన్నొద్దుల సంది?”

“నువ్వు బస్సెక్కిన కాంచి.”

“మరి నాకెట్లున్నదో అడిగినవా?” అంది. ఆ గట్టి గొంతు ఒక్కసారిగా చిన్నదైపోయింది. “మెదక్ బస్సు వచ్చినప్పుడల్ల గీ గేటు కాడికొచ్చిన. దిగినోళ్లందర్ని చూసిన. కడాఖరు మనిషి దిగేదాక నిలవడ్డ. మా అక్క నన్ను పిచ్చిదానివయినవా అన్నది. నువ్వు ఒక్కపారన్న అడిగినవా, ఎలిశిబా, నీకు గూడ గిట్లనే ఉన్నదా అని?”

 సారు ఏడాదంతా తన బాధకు మాట వెతికాడు. నేనూ మల్లేశూ కూడా కూర్చుని వెతికాం. అవతల ఆమెకూ ఒకటి ఉంటుందని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. సిగ్గుతో నేను వ్యాన్ వైపు తిరిగాను.

“అడగలే” అన్నాడు సారు. “అడుగుతున్న. ఎట్లున్నది ఎలిశిబా?”

ఆమె గేటు గొళ్లెం తీసి, “ముందుగాల అన్నదేందో మళ్ల చెప్పు” అంది.

సారు మళ్లీ చెప్పాడు. ఈసారి సగం మాట లోపల ఉండిపోలేదు. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు.

“మళ్ల” అంది అక్క, ఏడుస్తూ.

నేను వ్యాన్ ఎక్కి కూర్చున్నాను. తాళంచెవి తిప్పలేదు, హారన్ కొట్టలేదు. ఆమె ఇంకా చెప్పించుకుంటూనే ఉంది.